ఎత్తమనకుండానే ఎత్తిన అద్దం

ఇంగ్లీషులో క్రియావిశేషణం సంగతి నాకు తెలిసినంతగా ఇంకొకడికి తెలియదు. మా బావమరిదికి ఒక్క పూటలో దాన్ని నూరిపోసి, ఊడబోతున్న ఉద్యోగాన్ని ఊడకుండా నిలబెట్టింది నేనే. నమ్మకపోతే మా ఆవిణ్ణి అడగండి. ఎందుకులెండి, అడక్కండి. నేను చెప్పేదాన్ని మధ్యలో దిద్దే జబ్బుంది ఆవిడకి.

నేను ఊరిబడిలో చదివినవాణ్ణి. అక్కడ మా మేష్టారు వ్యాకరణం వీపుమీద చెప్పేవారు. "కొట్టాడు" అన్నది క్రియ, అంటే పని. "గట్టిగా" అన్నది ఆ పని ఎలా జరిగిందో చెప్పే మాట, అంటే క్రియావిశేషణం. రెండూ ఒకే దెబ్బకి వచ్చేశాయి. ఇప్పటికీ ఆ పేరు వింటే నా వీపు నిటారుగా నిలబడుతుంది. "నిటారుగా" కూడా క్రియావిశేషణమే, గమనించారో లేదో.

చదువు అక్కడితో ఆగింది. ఆ తర్వాత బతుకంతా ఒక అద్దాల గోదాములో అద్దాలు మోశాను. మొహం చూసుకునేవి కావు, దుకాణాల ముందూ ఆఫీసులకి గోడల బదులూ నిలబెట్టే పెద్ద పలకలు. ఒకసారి మేం మోసిన పలక ఎంత పొడుగంటే, ముందు పట్టుకున్నవాడు వానలో తడుస్తుంటే వెనక పట్టుకున్నవాడికి వడదెబ్బ తగిలింది. దాన్ని ఎంత శుభ్రంగా తుడిచామంటే, మా తోటివాడొకడు అందులో ఎదురుగా వస్తున్న తనని తానే చూసి, ఎవరో పెద్దమనిషనుకుని దారిచ్చి ఆగాడు. ఎదుటివాడూ ఆగాడు. ఇద్దరూ మర్యాదస్తులే కనక భోజనాల వేళదాకా ఎవరూ కదల్లేదు.

అద్దం మోసేచోట ఒక కట్టుబాటుంది. అది చెప్పకపోతే ఈ కథ మీకు అందదు, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

పలక గాలిలోకి లేచిందంటే నోరు విప్పే హక్కు ఒక్కడికే. వాణ్ణి మేం మాట మేస్త్రీ అనేవాళ్ళం. వాడు పలక ముట్టుకోడు, పక్కన నిలబడి మాట ఇస్తాడు. మిగతావాళ్ళు నోరు కుట్టేసుకోవాలి. చీమ కుట్టినా, ముక్కు దురదపెట్టినా, సొంత పెళ్ళాం వచ్చి పిలిచినా ఉలకకూడదు, పలకకూడదు. ఇక రెండోది. మాట మేస్త్రీ ఏం చెయ్యాలో చెప్పడు. ఎలా చెయ్యాలో మాత్రమే చెబుతాడు. మా ముందుతరంలో ఒక మేస్త్రీ "ఎత్తండి" అన్నాడట. "ఎ" అనగానే చురుకైనవాళ్ళు ఎత్తేశారు, "డి" దాకా ఆగుదామనుకున్న నెమ్మదస్తులు ఎత్తలేదు, పలక నడిమికి విరిగింది. ఆనాటినుంచి గోదాములో క్రియలు బంద్. నేలమీదున్న పలకని ఎత్తక ఏం చేస్తారు, ఎత్తినదాన్ని దించక ఏం చేస్తారు, ఆమాత్రం చేతులకి తెలియదా అన్నారు పెద్దలు. కనక మేస్త్రీ "స్లోలీ" అనేవాడు, మేం ఎత్తేవాళ్ళం. "స్టెడిలీ" అనేవాడు, నడిచేవాళ్ళం. "జెంట్లీ" అనేవాడు, దించేవాళ్ళం. ఇంగ్లీషు మాటలెందుకంటారా, ఆ గోదాము మొదట పెట్టిన పెద్దమనిషికి మన మాట రాదు. ఆయన పోయాడు, మాటలు ఉండిపోయాయి.

ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటాను. స్లోలీ అన్నవాడే జెంట్లీ కూడా అనాలి. ఒకడు మాట ఇచ్చి ఎత్తించిన పలకని ఇంకొకడు మాట ఇచ్చి దించకూడదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా, అలాగే ఒక పలకమీద రెండు గొంతులు.

మా ఆవిడ తమ్ముడు ఆ గోదాములో మాట మేస్త్రీ. వాణ్ణి అందరూ మైకు అనేవాళ్ళు. చెవిలో రహస్యం చెప్పినా వీధి చివర కుక్క లేచి కూచునే గొంతు. మొదట వాడూ నాతోపాటు పలక పట్టినవాడే. ఒకనాడు స్టాండుమీంచి జారుతున్న పలకకి భుజం అడ్డంపెట్టి ఆపాడు. పలక నిలిచింది, భుజం జారింది. డాక్టరు చూసి, ఇక బరువన్నది ఎత్తకూడదన్నాడు. భుజం పోయినా గొంతుందికదా అని అప్పటి యజమాని మేస్త్రీ పని ఇచ్చాడు.

వాడికి ఇంట్లోనూ అదే భాష. వాడి పెళ్ళాం నన్ను వరసకి అన్నయ్యగారూ అంటుంది. ఒకసారి నాతో, "పెళ్ళయి ఇన్నేళ్ళయింది అన్నయ్యగారూ, మీ బావమరిది నాకు ఒక్క పని చెప్పి ఎరగరు. ఎలా చెయ్యాలో మాత్రం చెబుతారు" అంది. పొద్దున్నే గుమ్మంలో నిలబడి "తొందరగా" అంటాడట. ఆ తొందర కారియరుకో, చొక్కాకో, గొడుక్కో ఆ పిల్ల ఊహించుకోవాలి. పాపం అన్నీ చంకన పెట్టుకుని పరిగెత్తేది. వాడు అందులోంచి చెప్పులు ఏవీ అని అడిగేవాడు.

ఇలా సాగుతుండగా గోదాము చేతులు మారింది. కొత్త యాజమాన్యం ఎక్కడెక్కడినుంచో, రకరకాల భాషలవాళ్ళని పనిలోకి తీసుకుంటోంది. మా చేతులకి తెలిసింది వాళ్ళ చేతులకి తెలియదు. అందుకని మాట మేస్త్రీగా ఉండేవాడు ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో రెండూ ఇంగ్లీషులో చెప్పగలగాలనీ, దానికి నోటి పరీక్ష పెడతామనీ అన్నారు. నెగ్గితే మేస్త్రీ. తప్పితే పెంకుల షెడ్డు. విరిగిన అద్దాల్ని తొట్లకెత్తి మోసుకెళ్ళి పోసే చోటది. తొట్టి మొయ్యాలంటే భుజం కావాలి. అంటే పరీక్ష తప్పితే మైకు వెళ్ళేది ఇంటికే. మర్యాదకోసం మధ్యలో షెడ్డు పేరు చెప్పారు, అంతే.

పరీక్షకి ఇద్దరిద్దరుగా రమ్మన్నారు. ఇద్దరూ ఒకరితో ఒకరు ఇంగ్లీషులో మాట్లాడుకోవాలట. వాడితో వెళ్ళడానికి ఎవడూ ముందుకు రాలేదు. నేను అప్పటికే పని చాలించుకునే వయసులో ఉన్నాను, నెగ్గినా తప్పినా నాకు పోయేదేం లేదు. పైగా క్రియావిశేషణాలు తెలిసినవాణ్ణి. నేనొస్తానన్నాను.

"నువ్వొస్తే నాకు భయం బావా" అన్నాడు మైకు.

"ధైర్యం అనబోయావేమో."

"లేదు బావా. సరిగ్గానే అన్నాను."

ఇక్కడ మొదట్లో చెప్పినదాన్ని కాస్త సవరించాలి. వాడికి నేర్పింది నేను కాదు, మా వదిన. మా ఆవిడకీ మైకుకీ అక్క, బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరయిన మనిషి. ఒక్క పూటలో అన్నది కూడా నిజం కాదు. పరీక్షరోజు వచ్చేదాకా సాయంత్రాలన్నీ దానికే పోయాయి. మరి నేనేం చేశానంటే, సోఫా జరిపాను. తమ్ముడు నడిచి చూపించడానికి గదిలో చోటు కావాలందావిడ. సోఫా జరగనిదే చదువు సాగదు కాబట్టి, ఆ లెక్కన నేనే నేర్పానన్నది శుద్ధ అబద్ధమేం కాదు.

వదిన పద్ధతి ఏమిటంటే, పని చేయిస్తూ ఆ పనిని ఇంగ్లీషులో చెప్పించడం. తమ్ముణ్ణి ఆ మూలనుంచి ఈ మూలకి నెమ్మదిగా నడిచి, ఏం చేస్తున్నాడో చెప్పమంది. వాడు నడిచి "స్లోలీ" అన్నాడు.

"ఏమిట్రా స్లోలీ?"

"నడుస్తున్నాను కదక్కా. కనబడట్లా?"

తలుపు తెరవమంది. వాడు ఠక్కున తెరిచి "క్విక్లీ" అన్నాడు. తలుపు క్విక్లీ ఏమిటి, తలుపేమన్నా పరిగెడుతోందా అని ఆవిడ కోప్పడింది. వాడికి నిజంగానే బోధపడలేదు. తెరిచిన తలుపు ఎదురుగా కనబడుతుంటే తెరిచానని మళ్ళీ చెప్పడం దండగ కాదా అని వాడి బాధ. ఇంగ్లీషువాళ్ళకి కళ్ళు లేవా అని నన్ను పక్కకి పిలిచి అడిగాడు. పక్కకి పిలిచి అన్నాను గాని, వాడి గొంతుకి పక్క అన్నది ఉండదు. వదిన వింది.

లోపలికెళ్ళి ఉప్పుడబ్బా, ఖాళీ కంచం పట్టుకొచ్చింది. కంచంలో చెంచాడు ఉప్పు వేసి వాడి ముందు పెట్టి, తిను అంది.

వాడు నావంక చూశాడు. నేను సోఫావంక చూశాను.

"క్రియ కూర అనుకో. ఇది ఉప్పు" అంది వదిన. "ఉప్పు తగిలితే కూర రుచి మారుతుంది, అది దాని పని. కూర లేకుండా ఒట్టి ఉప్పు వడ్డించేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను."

మైకు కంచం వంకే చూస్తూ, "మావాళ్ళు ఇన్నేళ్ళూ తిన్నారు కదక్కా" అన్నాడు.

"మీవాళ్ళ చేతుల్లో ముందే కూర ఉందిరా. కొత్తగా వచ్చేవాళ్ళ చేతులు ఖాళీ."

వాడు ఉప్పు కాస్త వేలితో అద్ది నాలికమీద వేసుకున్నాడు. అక్క చెప్పింది చెయ్యకుండా ఉండడం వాడికి చిన్నప్పట్నుంచీ అలవాటు లేదు.

నేను మాత్రం ఊరుకుంటానా. ఇందులో ఇంత గొడవెందుకు వదినా, ఏ మాటకైనా వెనక "లీ" అని తోక తగిలిస్తే క్రియావిశేషణం అయిపోతుంది కదా అన్నాను. స్లో, స్లోలీ. క్విక్, క్విక్లీ. ఫాస్ట్, ఫాస్ట్లీ.

"ఫాస్ట్‌కి తోక లేదు మరిదిగారూ. అది తోక లేకుండానే పరిగెడుతుంది."

"మరి ఫ్రెండ్లీ?"

"దానికి తోక ఉంది గాని అది క్రియావిశేషణం కాదు. తోక ఉన్నవన్నీ గుర్రాలు కావు. మీరా సోఫా ఇంకాస్త అటు జరపండి."

జరిపాను. ఫ్రెండ్లీగా జరపలేదు.

తర్వాతి సాయంత్రాల్లో ఎలా అన్నదే కాదు, ఎప్పుడు, ఎక్కడ, ఎంత తరచుగా అన్నవి చెప్పే మాటలు కూడా ఆ జాతివేనని చెప్పింది. ఎప్పుడూ, ఒక్కోసారి, ఎన్నడూ లేదు, ఇలాంటివి క్రియకి ముందు నిలబడతాయట. మైకు ఉత్సాహంగా "ఐ ఆల్వేస్ లిఫ్ట్ ద గ్లాస్" అన్నాడు. వాక్యం బాగానే ఉంది గాని వదిన మొహం మారింది.

"నువ్వు ఎత్తకూడదురా. ఐ నెవర్ లిఫ్ట్ అను."

"ఐ నెవర్ లిఫ్ట్" అన్నాడు వాడు. అని, కాసేపు భుజం రుద్దుకుంటూ కూచున్నాడు. ఆ పూటకి పాఠం చాలించారు.

పరీక్షరోజు వచ్చేసరికి వాడు కూరా ఉప్పూ రెండూ వడ్డించగలుగుతున్నాడు, ఒకే షరతుమీద. భయపడకూడదు. భయపడితే కూర ఎగిరిపోయి ఉప్పు మిగులుతుంది. ఆ పొద్దున ఇంట్లో మాత్రం పెళ్ళాంతో "చొక్కా ఇస్త్రీ చెయ్యి. జాగ్రత్తగా చెయ్యి" అన్నాడట. పెళ్ళయినాక మొదటిసారి మొగుడి నోట క్రియ విని ఆ పిల్లకి కళ్ళనీళ్ళు తిరిగాయట. ఇస్త్రీపెట్టె ఆవిరి అయ్యుంటుందని మా ఆవిడ అంటుంది.

పరీక్ష మేడమీద మేనేజరు గదిలో. గదిలో ఒక పొడుగాటి బల్ల, దానిమీద అద్దం. ఆ అద్దం మేమే కోసి మేమే పరిచింది. బంక లేదు, మేకు లేదు, ఊరికే అలా పడుకుని ఉంది. పరీక్ష చేసేది ఒక మేడమ్. బయటనుంచి పిలిపించిన మనిషి, మన మాట ఒక్క ముక్క రాదు. మంచి మనిషి, మొహంలోనే ఓపిక ఉంది. మేం ఎదురెదురుగా మాట్లాడుకోవాలని మైకుని బల్లకి అటు కొసన, నన్ను ఇటు కొసన కూచోబెట్టి, తను మధ్యలో పొడుగువైపు కూచుంది. ఆవిడ ముందు, అద్దంమీద, సాసర్లో నిండుగా ఒక టీ కప్పు.

ముందు నన్నడిగింది, మీ పని గురించి చెప్పమని. నేను ఛాతీ విరిచి "వియ్ వర్క్ హార్డ్లీ" అన్నాను. కష్టపడి పని చేస్తాం అని నా ఉద్దేశం. ఆ హార్డ్‌కి కూడా తోక ఉండదనీ, తగిలిస్తే "మేం పని చేసీ చెయ్యనట్టు చేస్తాం" అని అర్థం వస్తుందనీ వదిన తర్వాత చెప్పింది. మేడమ్ కళ్ళజోడు సర్దుకుని ఏదో రాసుకుంది. మెచ్చుకుందనుకుని ఇంకోసారి అన్నాను.

తర్వాత మైకు వంతు. వాడికి భయమేస్తే గొంతూ పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. వాళ్ళక్క నేర్పిన వాక్యాలన్నీ ఒకే ఊపిరిలో, గోదాము అవతలి కొసనున్నవాడికి చెబుతున్నట్టు అరిచాడు. కిటికీ తలుపులు జలజలమన్నాయి. నాకే ఒక్క ముక్క అర్థం కాలేదంటే ఆవిడ సంగతి చెప్పాలా. అయినా కోప్పడలేదు. మెత్తగా, ఒకే ఒక్క మాట అంది.

"స్లోలీ."

ఎదురుగా అద్దం. అటు కొసన వాడు, ఇటు కొసన నేను. మధ్యనుంచి స్లోలీ అన్న మాట.

ఎత్తాం.

దీనికి ఆలోచనంటూ ఉండదు. పక్కవాడు ఆవులిస్తే మనకి ఆవులింత వచ్చేముందు ఎవరన్నా ఆలోచిస్తారా? కుర్చీలు వెనక్కి పోయాయి, చేతులు అంచుకింద దూరాయి, పలక లేచింది. దానిమీద టీ కప్పూ లేచింది. చుక్క తొణకలేదు. పనితనం అంటే అది. మేడమ్ ఉలిక్కిపడి లేచి తనవైపు అంచు పట్టుకుంది, కప్పుకోసమో పలకకోసమో.

అలా ముగ్గురం అద్దాన్ని గాలిలో పట్టుకుని నిలబడ్డాం.

"వాట్ ఆర్ యూ డూయింగ్?" అంది మేడమ్.

మేం జవాబు చెప్పలేదు. పొగరుకాదు. పలక గాలిలో ఉండగా మోసేవాడు నోరు విప్పకూడదు. మాట ఇచ్చింది ఆవిడ. స్లోలీ అన్నది ఆవిడే కనక జెంట్లీ అనవలసిందీ ఆవిడే. ఎప్పుడంటుందా అని ఇద్దరం వినయంగా ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడ్డాం. ఆవిడ మళ్ళీ అడిగింది. మేం ఇంకా శ్రద్ధగా చూశాం. "ప్లీజ్" అంది ఈసారి. ఆ మాట మా కట్టుబాటులో లేదు.

అప్పుడు నా వేళ్ళకి తెలిసింది. అద్దంలోంచి సన్నటి వణుకు. అటు చూశాను. మైకు మొహంలో రంగు లేదు. భుజం దగ్గర మొదలై మోచేతికి దిగి, మోచేతినుంచి పలకలోకి వస్తోంది ఆ వణుకు. కప్పు సాసర్లో టకటకలాడటం మొదలెట్టింది. ఐ నెవర్ లిఫ్ట్ అని అక్క ముందు అప్పజెప్పిన మనిషి. ఇంకాసేపుంటే ఆ చెయ్యి తనంతట తనే వదిలేస్తుంది. పలక మేడమ్ కాళ్ళమీద పడితే, వీడు మేస్త్రీగా పనికొస్తాడా రాడా అని ఇంక ఎవరూ పరీక్ష పెట్టక్కర్లేదు.

నువ్వు నోరు విప్పచ్చుగా అంటారు మీరు. మీరెప్పుడూ అద్దం మోసి ఉండరు.

కట్టుబాటు తప్పింది మైకే. ఇంకొకరి మాటమీద తన మాట ఇచ్చాడు.

"జెంట్లీ" అన్నాడు.

నా కొస నేను దించాను. వాడి కొస వాడు దించాడు. మేడమ్ దించలేదు. ఆవిడకేం తెలుసు, జెంట్లీ ఏమిటో? మెల్లగా పట్టుకోవాలా, మెల్లగా వదలాలా, మెల్లగా గదిలోంచి జారుకోవాలా? ఏదైతే అదయిందని ఇంకా గట్టిగా పట్టుకుని పైకి లాగింది. పలక వాలింది. ఎవరూ లేనివైపుకి వాలింది. కప్పు అటుగా జారడం మొదలెట్టింది.

మైకు ఆవిడ మొహం చూశాడు. తర్వాత ఆవిడ చేతులు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. కంచంలో ఉప్పు పోసి ముందు పెట్టిననాడు చూసిన చూపు అది.

"మేడమ్" అన్నాడు. వాడి గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు ఆనాడే తెలిసింది. "ప్లీజ్ పుట్ ద గ్లాస్ డౌన్. పుట్ ఇట్ డౌన్ జెంట్లీ."

ఆవిడ దించింది. మేమూ దించాం. పలక చప్పుడు లేకుండా బల్లమీద కూచుంది. కప్పు సరిగ్గా అంచున ఆగింది.

ముగ్గురం కుర్చీల్లో కూలబడ్డాం. మైకు తన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులా. మేడమ్ ఊపిరి తీసుకుని, అసలు అద్దాన్ని ఎందుకెత్తారని అడిగింది.

"యూ సెడ్ స్లోలీ, మేడమ్."

"ఐ మెంట్, స్పీక్ స్లోలీ."

"యూ డిడ్ నాట్ సే స్పీక్, మేడమ్" అన్నాడు మైకు.

ఎదురు చెప్పాలని కాదు. సాయంత్రాలన్నీ వాళ్ళక్క వాణ్ణి తిట్టిన తిట్టే అది. తనలాగే ఒట్టి ఉప్పు వడ్డించే మనిషి ఇంకొకరు దొరికారన్న ఆప్యాయతతో అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. మీ గోదాములో సంగతేమిటో మొదట్నుంచీ చెప్పమంది. ఈసారి "స్పీక్ స్లోలీ" అని పూర్తిగా అంది, అంటూ రెండు చేతులతో అద్దాన్ని బల్లకేసి అదిమి పట్టుకుంది. మైకు చెప్పాడు. ఎత్తే మాట, నడిచే మాట, దించే మాట, విరిగిన పలక, తన భుజం, అన్నీ. తప్పులున్నాయో లేదో చెప్పేటంత ఇంగ్లీషు నాకు రాదు. ప్రతి వాక్యంలోనూ కూర మాత్రం ఉంది. భయం ఖర్చయిపోయినవాడికి మాటలు వస్తాయనుకుంటాను. ఆవిడ రాసుకుంటూ పోయింది. నన్ను మళ్ళీ ఏమీ అడగలేదు. ఆవిడకి నా స్థాయి ముందే తెలిసిపోయినట్టుంది.

ఫలితం మేనేజరే పిలిచి చెప్పాడు. మైకు నెగ్గాడు, మాట మేస్త్రీగా ఉంటాడు. నేను తప్పాను. క్రియావిశేషణాలు అందరికంటే బాగా తెలిసినవాడే తప్పాడంటే, ఆ పరీక్ష ఎంత కఠినమో మీరే ఊహించుకోండి.

ఆవిడ వాణ్ణి ఎందుకు నెగ్గించిందన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. ప్రాణంమీదికొచ్చినప్పుడు కూడా పూర్తి వాక్యం అన్నాడు, ఇంకేం కావాలి అంటుంది వదిన. తప్పితే మళ్ళీ పరీక్షకి మీరిద్దరూ కలిసి వస్తారని భయపడి ఉంటుంది అంటుంది మా ఆవిడ. నేను మా ఆవిడ పక్షం. ఈ సంగతి ఆవిడకి చెప్పకండి.

కొత్తవాళ్ళు వచ్చారు. మైకు ఇప్పుడు "లిఫ్ట్ స్లోలీ" అంటాడు. లిఫ్ట్ అన్న మాట పాతవాళ్ళ చెవికి ఎక్కదు, స్లోలీ వినబడితేనే వాళ్ళ చేతులు లేస్తాయి. కొత్తవాళ్ళు లిఫ్ట్ విని సిద్ధమై, పాతవాళ్ళ చేతులు లేవగానే తామూ లేపుతారు. క్రియావిశేషణం చివర రావడంలో ఇంత సుఖం ఉందని మా మేష్టారు చెప్పలేదు. చెప్పడానికి ఆయనకి ఇంకో దెబ్బ పట్టేది.

ఇంట్లో మాత్రం సుఖంగా లేదు. మొన్న వాడి పెళ్ళాం వచ్చి, "ఇప్పుడు గొడుగు తే, తొందరగా తే అంటున్నారు అన్నయ్యగారూ. ఇదివరకు నాకు తోచింది తెచ్చి ఇచ్చేదాన్ని. వదినగారితో చెప్పి నేర్పినదాంట్లో సగం మరిపించండి" అంది. చెబుతానన్నాను. వదిన ఇంటికి వెళితే సోఫా జరపమంటుందని ఇంకా వెళ్ళలేదు.

ఇదంతా రాసి మా ఆవిడకి చూపించాను. చూపించకుండా ఉండవలసింది. చదివి, వేలు పెట్టి ఒక్కచోట ఆపింది. కాబట్టి చెప్పక తప్పదు. ఆ అద్దంమీద టీ కప్పు లేదు. మేడమ్‌కి టీ అలవాటే లేదని మైకు ఆవిడకి చెప్పాడట. ఖాళీ అద్దాన్నే ఎత్తాం, ఖాళీ అద్దమే వాలింది. కానీ ఖాళీ అద్దం వాలితే మీరు ఊపిరి బిగబట్టేవాళ్ళా? మిగతాదంతా నిజం, ముఖ్యంగా ఒక కొసన వానా ఒక కొసన ఎండా పడిన పలక. కప్పొక్కటే నేను పెట్టాను. జాగ్రత్తగానే పెట్టాను.